ఫైనల్ ఫాంటసీ 14 క్వెస్టుల రివ్యూ: అవే పరుగులు, అవే పనులు, అయినా కళ్ళల్లో నీళ్ళు

ఈ రివ్యూ మొత్తం క్వెస్టుల గురించే, అంటే గేమ్‌లో పాత్రలు మనకి అప్పజెప్పే పనుల గురించి. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఈ ఆన్‌లైన్ గేమ్‌లో రెయిడ్లు (గుంపుగా పెద్ద శత్రువులతో చేసే పోరాటాలు) ఎలా ఉంటాయి, ఏ జాబ్ (మనం ఎంచుకునే యుద్ధ వృత్తి) ఎక్కువ డ్యామేజ్ కొడుతుంది లాంటివి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాటి జోలికి నేను పోవట్లేదు. ఆన్‌లైన్ ఆర్పీజీల్లో ఇరవయ్యేళ్ళకి పైగా ఒకటే వరస, ఇక్కడికెళ్ళు, ఇన్నింటిని చంపు, అది ఏరుకురా, వచ్చి నాతో మాట్లాడు. ఇవే తిప్పి తిప్పి పెడుతున్నా కొన్నిచోట్ల గొంతు పట్టేస్తుంది, కొన్నిచోట్ల డైలాగ్ బాక్స్ తెరుచుకోగానే చదవకుండానే వేలు టకటకా నొక్కేస్తుంది, ఈ రెండింటికీ తేడా ఎక్కడొస్తుందా అన్నదే నా గోల. ఈ ఒక్క గేమ్‌లో రెండు రకాలూ పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి దీన్నే తీసుకున్నా. కథలో మలుపులు కొన్ని చెప్పక తప్పదు, స్పాయిలర్లు వద్దనుకునేవాళ్ళు హోర్షఫాన్, డార్క్ నైట్, డాన్‌ట్రైల్ అన్న పేర్లు కనబడిన పేరాలు దాటేయండి.

ముందు కొంచెం పాత సంగతి. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాక తల మీద పసుపు ఆశ్చర్యార్థకం పెట్టుకుని నిలబడ్డ మనిషి, అతని దగ్గర ఓ చిన్న పేరా కథ, దాని కింద ఇన్ని తెమ్మని ఒక లెక్క, ఈ పద్ధతి జనంలో బాగా పాతుకుపోయింది, ఆ తర్వాత వచ్చిన గేమ్‌లు చాలావరకు ఆ దారినే నడిచాయి. అందులో బ్యారెన్స్ అనే ఏరియాలో మాన్‌క్రిక్ అని ఒక ఓర్క్ ఉంటాడు. క్విల్‌బోర్లతో జరిగిన పోరాటంలో భార్య ఏమైందో తెలీదు, వెతికిపెట్టు అంటాడు. వెళ్తే ఆవిడ శవం దొరుకుతుంది. చెప్పుకుంటే ఎంత బరువైన కథ, కానీ అప్పట్లో మ్యాప్ మీద గుర్తులేవీ లేవు, ఏరియా చూస్తేనేమో కనుచూపు మేర ఎండు గడ్డి, దాంతో వచ్చిన ప్రతివాళ్ళూ చాట్‌లో మాన్‌క్రిక్ పెళ్ళాం ఎక్కడుంది అని అడగడం, మిగతావాళ్ళు ఆటపట్టించడం, చివరికి అదొక పెద్ద జోక్‌గా మిగిలిపోయింది. ఆ మనిషి దుఃఖం ఎవరికీ గుర్తులేదు, ఆ వెతుకులాటే గుర్తుంది.

అదే గేమ్‌లో ఈస్టర్న్ ప్లేగ్‌ల్యాండ్స్‌కి వెళ్తే డారోషైర్ అని పాడుబడ్డ ఊరొకటి ఉంది. అక్కడ ఒక ఇంట్లో పమేలా అని చిన్నపిల్ల, దెయ్యం, కానీ తను చచ్చిపోయానన్న సంగతి దానికి తెలీదు. నాన్న ఎప్పుడొస్తాడా అని చూస్తూ ఉంటుంది. నా బొమ్మ పోయింది తెచ్చిపెట్టవా అంటుంది. బొమ్మ మూడు ముక్కలై ఊళ్ళో పడి ఉంటుంది, తల ఒకచోట, ఎడమ సగం ఒకచోట, కుడి సగం ఒకచోట, మనం వెతికి బ్యాగ్‌లో వేసుకుని మూడూ కలిపి తెచ్చి ఇవ్వాలి. పద్ధతి ప్రకారం చూస్తే ఇది మూడు వస్తువులు ఏరుకొచ్చే అతి మామూలు క్వెస్ట్, ఎలుగుబంటి గోళ్ళు ఏరడానికీ దీనికీ ఆట పరంగా పెద్ద తేడా లేదు. కానీ బొమ్మ ఇచ్చాక పమేలా అక్కడితో ఆగిపోదు, వాళ్ళ నాన్న గురించి అడుగుతుంది, అక్కణ్ణుంచి ఆ ఊరికి ఏం జరిగిందో తెలుసుకుంటూ ఏరియాలు దాటి తిరిగి, ఎప్పుడో ఓడిపోయిన ఆ యుద్ధాన్ని మళ్ళీ నడిపించి, చివరికి తండ్రి ఆత్మని తీసుకొచ్చి ఆ పిల్ల దగ్గర వదలాలి. మధ్యలో బోలెడు పరుగులు, ఏరుడు, చంపుడు. అయినా ఆ పిల్ల కోసమే తిరుగుతున్నాం అన్నది ఎక్కడా మర్చిపోం.

నాకు అర్థమైనంతలో పని రిపీట్ అవ్వడం వల్ల పెద్ద నష్టం లేదు. పని అడిగిన మనిషికి మనం గుర్తుండటం, ఆ మనిషి మనకి గుర్తుండటం, ఈ రెండూ తెగిపోయినచోటే విసుగు మొదలవుతుంది. ఫైనల్ ఫాంటసీ 14 మొత్తం నేను ఈ ఒక్క కొలతతోనే చూస్తున్నా.

ఈ గేమ్ మొదట 2010 సెప్టెంబర్‌లో వచ్చింది, ఘోరంగా దెబ్బతింది, ఆ డిసెంబర్‌లోనే నవోకి యోషిదాకి పగ్గాలు అప్పజెప్పారు, 2012 నవంబర్‌లో పాతది మూసేసి 2013 ఆగస్టులో ఎ రెల్మ్ రీబార్న్ పేరుతో కొత్తగా కట్టి మళ్ళీ తెరిచారు. కొత్తవాళ్ళు మొదలుపెట్టేది ఈ భాగంతోనే, విసుగు కూడా అన్నిటికంటే ఎక్కువ ఇందులోనే. మనం చేరే గుంపు స్థావరం వేకింగ్ శాండ్స్ అని వెస్పర్ బే ఊళ్ళో ఉంటుంది, ఆ ఊళ్ళో టెలిపోర్ట్ రాయి లేదు. హొరైజన్‌కి టెలిపోర్ట్ అయ్యి అక్కణ్ణుంచి రోడ్డు పట్టుకుని పరిగెత్తి, తలుపు తీసి, లోపల ఇంకో తలుపు తీసి, ఆ గుంపు నాయకురాలు మిన్‌ఫిలియాతో రెండు ముక్కలు మాట్లాడి మళ్ళీ బయటికి. కాసేపటికే మళ్ళీ రమ్మని పిలుపు. మళ్ళీ అదే రోడ్డు, అవే తలుపులు. ఇలా ఎన్నిసార్లో. ఆడినవాళ్ళందరూ దీన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు, మీమ్ అయిపోయింది. మిన్‌ఫిలియా నిజానికి మంచి పాత్ర, తర్వాత కథలో ఆవిడకి జరిగేది తల్చుకుంటే మనసు కలుక్కుమనాలి, కానీ మొదటి పరిచయమే ఈ పరుగుల మధ్య జరిగేసరికి ఆవిడ మాటల్లోని ఆప్యాయత కంటే ఆ రోడ్డే ఎక్కువ గుర్తుండిపోతుంది.

ఇంకా టైటన్‌తో పోరాటం ముందు వచ్చే విందు గొడవ. దేశం మీదికి ఒక రాక్షస దేవుడు లేస్తున్నాడు, వాణ్ణి ఇంతకుముందు ఓడించిన పాత యోధుల దగ్గరికి సలహాకి వెళ్తే, వాళ్ళు ముందు నీ సత్తా చూపించు అని విందుకి కావల్సిన వైన్ తే, చీజ్ తే అని ఊరూరూ తిప్పుతారు. రాసినవాళ్ళ ఉద్దేశం నాకు అర్థమైంది, ఓడిపోయి చచ్చిన స్నేహితుల బాధ ఆ పాతవాళ్ళకి ఉంది, కొత్తగా వచ్చినవాణ్ణి కూడా చావుకి పంపడం ఇష్టం లేక పరీక్షలు పెడుతున్నారు. కానీ ఆ బాధ తెలిసేది ఎక్కడో చివర్లో రెండు డైలాగుల్లో, మోసుకెళ్ళే పనులు మాత్రం ముందే వరసకట్టి ఉన్నాయి. ఇదే తిరగేసి పెట్టి, ఆ యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ గురించి ఒక్క సీన్ ముందు చూపించి తర్వాత వైన్ తెమ్మని ఉంటే అదే వైన్ సీసా మోయడానికి మనకి వేరే రకంగా ఉండేది. డెవలపర్లు కూడా ఈ భాగం సాగుతోందని ఒప్పుకున్నట్టే, 2020 ఆగస్టులో 5.3 ప్యాచ్ (అప్‌డేట్)లో ఈ మెయిన్ స్టోరీ నుంచి చాలా క్వెస్టులు తీసేశారు, కొన్ని కుదించారు, ఆ ఏరియాల్లో ఎగరడానికి కూడా అప్పుడే వీలు ఇచ్చారు. దాంతో ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళ ప్రాణం కాస్త సుఖం.

రిపీట్ గురించి మాట్లాడుతూ ప్రెటోరియం సంగతి వదలకూడదు. రీబార్న్ కథ ముగింపు డంజన్ (జట్టుగా పోరాడుతూ దాటే చోటు) అది, పెద్ద విలన్ గయస్ లిఫ్ట్‌లో మనతో పాటు దిగుతూ పాలకుడు అంటే ఎవరు, బలం అంటే ఏంటి అని సుదీర్ఘంగా మాట్లాడతాడు. మొదటిసారి వింటే ఒళ్ళు జలదరిస్తుంది, గొంతు ఇచ్చినాయన కూడా అదరగొట్టాడు. కానీ మెయిన్ సినారియో రూలెట్ అని పాత కథ డంజన్లు మళ్ళీ ఆడించే ఏర్పాటులో ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు) బాగా వస్తుందని పాతవాళ్ళు రోజూ ఇందులోకి వస్తారు, కొత్తవాళ్ళని వదిలేసి ముందుకి పరిగెత్తకూడదని కట్‌సీన్లు స్కిప్ అవ్వకుండా పెట్టారు. కొత్తవాళ్ళ కోసం చేసింది మంచి పనే, నేను దానికి ఓటేస్తా, కాకపోతే అదే స్పీచ్ రోజూ వినే పాతవాళ్ళకి అందులో ఇంక ఏ భావం మిగల్లేదు, స్పీచ్ మొదలవ్వగానే లేచి వేరే పని చూసుకుని వస్తారు. 2022 ఏప్రిల్‌లో 6.1లో దీన్ని నలుగురు ఆడే డంజన్‌గా మార్చి బాగా సర్దారు. ఎంత గొప్పగా రాసిన సీన్ అయినా ఏ మార్పూ లేకుండా రోజూ వినిపిస్తే అది కథగా ఉండదు, వెయిటింగ్ టైమ్ అయిపోతుంది.

ఇంత తిట్టాక హోర్షఫాన్ గురించి చెప్పాలి. ఇదే రీబార్న్‌లో, ఇవే పరుగుల మధ్య, పోయిన ఎయిర్‌షిప్ కోసం వెతుక్కుంటూ కోర్థస్ అనే మంచు ప్రాంతానికి వెళ్తాం. అక్కడివాళ్ళెవరూ బయటివాళ్ళని నమ్మరు, మొహం మీదే పొమ్మంటారు. ఒక్క హోర్షఫాన్ మాత్రం లోపలికి రమ్మని, తన స్నేహితుడి మీద మతద్రోహి అన్న నింద పడింది సాయం చెయ్యమని అడుగుతాడు. మళ్ళీ అవే, అక్కడికెళ్ళు, ఇది కనుక్కో, వాళ్ళని కొట్టు. ఆ టైంలో అతను మామూలు ఎన్పీసీనే (గేమ్ నడిపించే పాత్రే) అనిపిస్తాడు, కాస్త అతి ఉత్సాహం మనిషి. తర్వాత కథలో అందరూ మన మీద హత్యానేరం మోపి తరిమినప్పుడు, దాక్కోవడానికి చోటు లేనప్పుడు తలుపు తీసేది మళ్ళీ అతనే. పాత సాయం అతనికి గుర్తుంది. ఇష్‌గార్డ్ నగరంలోకి మనల్ని తీసుకెళ్ళడానికి తన కుటుంబాన్ని ఒప్పిస్తాడు. ఇక 2015లో వచ్చిన హెవెన్స్‌వర్డ్ అనే ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి తర్వాత కలిపిన పెద్ద భాగం)లో వాల్ట్ అనే డంజన్ అయ్యాక మన మీదికి వచ్చిన ఈటెకి డాలు అడ్డం పెట్టి, ఆ డాలు పగిలి చనిపోతాడు. పోతూ పోతూ మనల్ని నవ్వమంటాడు. ఆ సీన్ ఒక్కటే తీసి యూట్యూబ్‌లో చూస్తే బాగానే ఉంది అనుకుంటారేమో, అంతే. దాని బలమంతా వెనక చేసిన ఆ చిన్న చిన్న పనుల్లో ఉంది, మనం అతని కోసం మంచులో పరిగెత్తాం, అతను మన కోసం తలుపు తీశాడు, ఈ ఇచ్చిపుచ్చుకోవడం గంటల కొద్దీ జరిగింది కాబట్టే ఆ డాలు పగిలినప్పుడు అంత దెబ్బ తగులుతుంది. ఇష్‌గార్డ్ కనబడేలా కొండ మీద అతని సమాధి ఉంటుంది, కథ ఎప్పుడో దాటేసినవాళ్ళు కూడా అక్కడికి వెళ్ళి కాసేపు నిలబడి వస్తారు, వెళ్తే ఏ ఎక్స్‌పీ రాదు, ఏ రివార్డూ లేదు.

ఇప్పుడు డార్క్ నైట్. ఈ మొత్తం గేమ్‌లో రిపీట్ క్వెస్టుల గురించి ఎవరైనా అద్భుతంగా రాశారు అంటే అది ఇక్కడే. హెవెన్స్‌వర్డ్‌తో వచ్చిన జాబ్ ఇది, లెవెల్ 30 నుంచి మొదలవుతుంది. ఇష్‌గార్డ్‌లో ఒక డార్క్ నైట్ శవం, పక్కన ఒక సోల్ క్రిస్టల్ (ఆ జాబ్ శక్తినిచ్చే రాయి), మనం దాన్ని ముట్టుకోగానే శవం అనుకున్న మనిషి లేచి కూర్చుంటాడు, పేరు ఫ్రే. అక్కణ్ణుంచి మనకి గురువులా వెంట తిరుగుతూ నీ మనసు మాట విను, దాన్ని అణిచిపెట్టకు అని నేర్పుతూ ఉంటాడు. దారిలో ఎప్పట్లాగే జనం ఎదురై అది చేసిపెట్టు ఇది చేసిపెట్టు అంటారు. మనం ఎప్పట్లాగే తలూపుతాం. ఫ్రేకి మాత్రం ఒళ్ళు మండిపోతూ ఉంటుంది. వీళ్ళకి నువ్వు మనిషిలా కనబడుతున్నావా, పనిముట్టులా కనబడుతున్నావా, ఒక్కడైనా నీకు ఎలా ఉంది అని అడిగాడా, ఈ ధోరణిలో సాగుతుంది అతని కోపం, క్వెస్ట్ క్వెస్టుకీ పెరుగుతుంది. చదువుతుంటే మన కడుపులో ఉన్నదే అతను బయటికి కక్కుతున్నట్టు ఉంటుంది, ఎందుకంటే వేకింగ్ శాండ్స్ రోడ్డు మీద మనం నోట్లో అనుకున్నవే ఆ మాటలన్నీ.

లెవెల్ 50లో తెలుస్తుంది ఫ్రే వేరే ఎవరో కాదని. ఆ శవం ఎప్పుడూ లేవలేదు. మనతో మాట్లాడింది మన హీరో లోపల అణిగిపోయిన అలసట, కోపం, పట్టించుకునేవాళ్ళు లేరన్న బాధ. చివరికి అచ్చం మన మొహంతో, మనం పెట్టుకున్న జుట్టుతో ఎదురుగా నిలబడుతుంది, దాంతోనే పోరాడాలి. అది తెలిశాక పాత సీన్లు మళ్ళీ గుర్తు చేసుకోండి, ఫ్రే కటువుగా ఏదైనా అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు ఆ మాట మనమే అన్నట్టు మన వైపు చూసి సమాధానం చెప్పి ఉంటారు. మొదటిసారి ఆడుతున్నప్పుడు అది కంటికి ఆనదు. ఇది రాసింది నత్సుకో ఇషికావా, తర్వాత 2019లో షాడోబ్రింగర్స్, 2021లో ఎండ్‌వాకర్ అనే ఎక్స్‌పాన్షన్ల మెయిన్ స్టోరీలకి పెద్ద దిక్కు ఆవిడే. ఆవిడ ఇక్కడ చేసింది చూడండి, క్వెస్టుల సంఖ్య తగ్గించలేదు, పనులు మార్చలేదు, పరుగులు అలాగే ఉన్నాయి, కానీ అన్నేసి గంటలుగా ఆటగాడి మనసులో పేరుకున్న విసుగుని తీసుకుని దాన్నే ఒక పాత్ర చేసేసింది. నిజాయితీగా చెప్తున్నా, రీబార్న్ అంత సాగకుండా ఉండి ఉంటే ఫ్రే మాటలు ఇంత లోతుగా దిగేవి కావు.

పక్క గేమ్‌లు కూడా ఈ విసుగుతో ఎలా వేగాయో ఒక్క ముక్క. స్టార్ వార్స్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2011లో వచ్చినప్పుడు ప్రతి సంభాషణకీ గొంతు పెట్టారు, 8 క్లాసులకి 8 వేరు వేరు కథలు, చంపే లెక్కలు అవే అయినా మన క్యారెక్టర్ నోరు తెరిచి మాట్లాడటం వల్లే సగం విసుగు పోయింది. గిల్డ్ వార్స్ 2 అయితే 2012లో ఆశ్చర్యార్థకాలే తీసేసి, ఆ చోటికి వెళ్తే అక్కడ జరుగుతున్నదాంట్లో దూకేయడమే అన్న పద్ధతి పెట్టింది, అది ఆడటానికి హాయి, కానీ ఈవెంట్ మళ్ళీ మొదలవుతుంది కదా, ఇప్పుడే కాపాడిన ఊరు కాసేపటికి మళ్ళీ తగలబడుతుంటే ఎవరి కోసం బాధపడాలో తెలీదు. రూన్‌స్కేప్‌లో వన్ స్మాల్ ఫేవర్ అని ఒక క్వెస్ట్ ఉంది, ఒకాయన కలప తెమ్మంటాడు, కలప కొట్టేవాడు గొడ్డలి పదును పెట్టించుకు రమ్మంటాడు, పదును పెట్టేవాడికి ఇంకో పని, అలా ప్రపంచమంతా తిప్పుతుంది, ఈ ఫెచ్ క్వెస్టుల (ఏదో ఒకటి తెచ్చిపెట్టే పనుల) మీద వాళ్ళు కావాలని వేసిన సెటైర్ అది. నవ్వొస్తుంది, మనసుకి మాత్రం ఏమీ తగలదు. డార్క్ నైట్ తీసుకున్నదీ అదే విషయం, కానీ దాన్ని నొప్పిగా చూసింది.

ఎండ్‌వాకర్‌లో క్వెస్టుల రకాలు కొంచెం పెంచారు. ఒకరి వెనకాల కనబడకుండా నడిచి వెంబడించడం ఒకటి, అది నాకు నచ్చలేదు, నడక స్లో, తప్పితే మళ్ళీ మొదటికి, భావం ఏమీ లేదు. రెండోది మన స్నేహితుల్ని వెంటేసుకుని తిరగడం, ఇది మాత్రం చాలా చిన్న మార్పే కానీ చాలా పెద్ద తేడా తెచ్చింది. మామూలుగా క్వెస్ట్ ఇచ్చినవాడు అక్కడే నిలబడి ఉంటాడు, మనం ఒక్కళ్ళమే పరిగెత్తాలి. ఇక్కడ వాళ్ళు పక్కనే నడుస్తారు, ఆగి మాట్లాడిస్తే ఆ చోటుని బట్టి వేరే వేరే మాటలు చెప్తారు, క్వెస్టుకి అవసరం లేని మూలకి తీసుకెళ్ళినా చాలాసార్లు దానికీ ఒక మాట రాసి పెట్టి ఉంటుంది. ఆ అనవసరపు మాటల్లోనే వాళ్ళు మనుషుల్లా అనిపిస్తారు. ఇక గార్లెమాల్డ్ అనే చోట ఒక సోలో డ్యూటీ (ఒంటరిగా ఆడే ఘట్టం) ఉంది, మన శరీరం లాక్కుని మనల్ని ఒక మామూలు సైనికుడి ఒంట్లో పడేస్తారు. అన్ని లెవెల్స్ ఎక్కి దేవుళ్ళని కొట్టినవాళ్ళం ఒక మామూలు శత్రువుని చూసి దాక్కోవాలి, దెబ్బ తగిలితే కోలుకోలేం, చివర్లో కాళ్ళు పనిచెయ్యక పాకుతూ వెళ్ళాలి. అక్కడ ఎవరూ మనకి ఏ స్పీచూ ఇవ్వరు. రోజూ నొక్కే బటన్లు లేకుండా పోవడమే సరిపోయింది.

రోజూ చేసే డైలీల గురించి కూడా. అలైడ్ సొసైటీ క్వెస్టులు అని ఉంటాయి, ఇదివరకు ట్రైబల్ క్వెస్టులు అనేవారు, రోజుకి 12 వరకు చెయ్యొచ్చు, ఒక తెగకి చాలావరకు 3. పేరుకే డైలీ, తిప్పి తిప్పి అవే. కానీ ఎండ్‌వాకర్‌లో ఓమిక్రాన్ తెగ డైలీలు చేసి చూడండి. అల్టిమా థూలే అంటే చచ్చిపోయిన గ్రహాల జ్ఞాపకాలు పోగుపడ్డ చోటు, ఆశ లేనివాళ్ళు తిరిగే చోటు, అలాంటి చోట కెఫే పెడతారు. రోజూ మనం చేసేది వెళ్ళి సామాన్లు ఏరుకురావడమే. కానీ ర్యాంక్ పెరిగే కొద్దీ కెఫే పెరుగుతుంది, కొత్త కస్టమర్లు వస్తారు, వాళ్ళు ఏ లోకం నుంచి వచ్చారో, ఏం పోగొట్టుకున్నారో ఒక్కొక్కళ్ళ కథా బయటికొస్తుంది, నిన్నటిదాకా ఏమీ లేని చోట ఇవాళ ఇంకో బల్ల ఉంటుంది. ఇంట్లో మొక్కకి రోజూ నీళ్ళు పోసినట్టే ఉంటుంది ఇది, రోజూ అదే చెంబు అని ఎవరూ విసుక్కోరు, కొత్త ఆకు వచ్చిందా అని చూస్తారు. మిగతా తెగల డైలీల్లో ఇంత దమ్ము లేదు, కొన్ని చోట్ల ర్యాంక్ పెరిగినా అదే మనిషి అదే డైలాగ్ చెప్తాడు, అవి మౌంట్ (ఎక్కి తిరిగే వాహనం) కోసం చేసేవి, చేసి మర్చిపోయేవి.

సైడ్ క్వెస్టులు, అంటే పసుపు గుర్తు ఉన్నవి, వాటి గురించి ఎక్కువ చెప్పను. ఎక్కువ శాతం నీరసం. ఒకటి రెండు ఆణిముత్యాలు ఉంటాయి, ఉత్తరాలు పంచే డెలివరీ మూగుల్ క్వెస్టులు వాటిల్లో ఒకటి, కనబడితే వదలొద్దు, పని ఉత్తరం ఇవ్వడమే అయినా ప్రతి ఉత్తరం వెనకా ఒక కుటుంబం ఉంటుంది.

ఇంక డాన్‌ట్రైల్, 2024 జూలైలో వచ్చింది. దీని మీద జనం రెండుగా చీలిపోయి కొట్టుకున్నారు, నేను మధ్యలో ఉన్నా, ఎందుకో చెప్తా. మొదటి సగం అంతా వుక్ లమాట్ అనే అమ్మాయి రాజ్యానికి వారసురాలు అవ్వడానికి ఊరూరూ తిరిగి పరీక్షలు నెగ్గే కథ. ప్రతి ఊళ్ళో ఒకటే వరస. వెళ్తాం, మ్యాప్ మీద గుండ్రంగా గీసిన చోట ముగ్గురితో మాట్లాడతాం, ముగ్గురూ తలా ఒక వాక్యం చెప్తారు, వచ్చి వుక్ లమాట్‌కి చెప్తాం, ఆవిడ వీళ్ళ సంస్కృతి ఎంత గొప్పదో, శాంతి ఎంత ముఖ్యమో అని పిడికిలి బిగించి చెప్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళు తలూపుతారు, పరీక్ష, గెలుపు, తర్వాతి ఊరు. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా తర్వాత మనకి గుర్తుండరు. వుక్ లమాట్ మనసు మంచిది, నాకు ఆవిడంటే కోపం లేదు, కానీ ఒకే భావాన్ని ఒకే గొంతు స్థాయిలో ప్రతి ఊళ్ళో చెప్తే రెండో ఊరికే చెవి మూసుకుపోతుంది. బాధగా ఏముందంటే ఆ ఊళ్ళు చాలా అందంగా కట్టారు, మ్యూజిక్ కూడా ప్రాణం పెట్టి చేశారు, వాటికి తగిన మనుషుల్ని ఇవ్వలేదు. పైగా ఈ ఇంజిన్‌లో కట్‌సీన్ కదలికలు కూడా అవే అవే, తలూపడం, గుండె మీద చెయ్యి, చేతులు కట్టుకోవడం. గొంతు ఉన్న సీన్లలో అది కనబడదు, గొంతు లేని చోట, అంటే చాలాచోట్ల, కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కానీ అదే డాన్‌ట్రైల్ చివరి ఏరియా లివింగ్ మెమరీ దగ్గర నేను కంట్రోలర్ పక్కన పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. చనిపోయినవాళ్ళ జ్ఞాపకాలతో నడుస్తున్న వెలుగుల నగరం అది, కాలువలు, పూలు, సంబరాలు. ఆ జ్ఞాపకాలు నడవాలంటే బతికున్నవాళ్ళ ప్రాణశక్తి కావాలి, అందుకని ఒక్కో భాగానికీ వెళ్ళి దాని టెర్మినల్ ఆపేయాలి. పని చూస్తే మళ్ళీ అదే, వెళ్ళు, మాట్లాడు, స్విచ్ ఆపు, తర్వాతి చోటికి వెళ్ళి మళ్ళీ అదే. కాకపోతే ప్రతి భాగంలోనూ మన వాళ్ళల్లో ఒకరికి చెందినవాళ్ళు ఉంటారు. వుక్ లమాట్‌ని పెంచిన నమిక్క ఉంటుంది, క్రైల్ ఎప్పుడూ చూడని అమ్మానాన్న ఉంటారు, ఎరెన్‌విల్ తల్లి ఉంటుంది. కాసేపు వాళ్ళతో గడిపి, తినాల్సింది తిని, చెప్పాల్సింది చెప్పి, ఆపేస్తాం. ఆపగానే మనుషులు మాయమవుతారు, ఆ భాగంలో రంగులు పోయి బూడిద రంగు గోడలు మిగులుతాయి. తర్వాతి చోటికి నడిచేటప్పుడే అక్కడ ఏం జరగబోతోందో తెలుసు మనకి. ఇక్కడ రిపీట్ అవ్వడమే బాధని పెంచుతుంది, మొదటి స్విచ్ కంటే రెండోది, రెండోదాని కంటే మూడోది బరువు. కథ అయిపోయాక వెళ్ళినా మన గేమ్‌లో ఆ ఏరియా అలా వెలవెలబోయే ఉంటుంది, వెలుగులు తిరిగి రావు. మనం చేసిన పనిని గేమ్ గుర్తుపెట్టుకుంది. ఒకే ఎక్స్‌పాన్షన్‌లో మొదటి సగం అలా రాసి చివర ఇలా రాయడం ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు ఎవరు ఆడొచ్చు అన్నది. కథ చదవడం ఇష్టం లేనివాళ్ళకి ఇది నేను చెప్పను, ఎందుకంటే రెయిడ్లకి వెళ్ళాలన్నా ముందు ఈ కథంతా దాటాలి, గంటల కొద్దీ పని. డబ్బులిచ్చి కథ దాటేసే ఐటెం కూడా అమ్ముతారు, దాని జోలికి వెళ్ళొద్దు, హోర్షఫాన్ ఎవరో తెలీకుండా హెవెన్స్‌వర్డ్ దాటితే ఆ గేమ్‌లో ఇంక మిగిలేది స్కిల్ బార్ ఒక్కటే. ఫ్రీ ట్రయల్ ఉంది, లెవెల్ 70 వరకు, స్టార్మ్‌బ్లడ్ ఎక్స్‌పాన్షన్ దాకా కథ మొత్తం వస్తుంది, టైం లిమిట్ లేదు, ముందు అదే తీసుకోండి. రీబార్న్ ఆడేటప్పుడు మెయిన్ స్టోరీ గుర్తు ఉన్నవి, డంజన్లు లాంటివి తెరిచే నీలం గుర్తు ఉన్నవి చేసుకుంటూ పోండి, పసుపువి వదిలేయండి. కోర్థస్ చేరాక మాత్రం స్పీడ్ తగ్గించి ప్రతి లైనూ చదవండి.

స్టార్లు అడిగితే రీబార్న్‌కి 5కి 2, హెవెన్స్‌వర్డ్‌కి 4, షాడోబ్రింగర్స్‌కి ఎండ్‌వాకర్‌కి 5, డాన్‌ట్రైల్ మొదటి సగానికి 2 చివరి భాగానికి 5. స్టార్మ్‌బ్లడ్‌కి 3, దాని గురించి ఇక్కడ రాయలేదు, మంచిదే కానీ నా మనసులో పెద్దగా నిలవలేదు. డార్క్ నైట్ జాబ్ క్వెస్టులకి స్టార్లు సరిపోవు. డార్క్ నైట్ ట్యాంక్ జాబ్, అంటే జట్టు ముందుండి దెబ్బలు కాచేది, అలాంటిది ఆడాలంటే భయపడేవాళ్ళు చాలామంది ఉంటారు, నలుగురి ముందు తప్పు చేస్తామేమో అని, వాళ్ళకి చెప్పేది ఏంటంటే ఆ జాబ్ క్వెస్టులు సోలోగానే చేసుకోవచ్చు, ఎవరూ చూడరు. ఇష్‌గార్డ్ చేరిన రోజే తీసి పెట్టుకోండి, మెయిన్ స్టోరీ విసుగొచ్చిన రోజు ఒకటి ఆడండి, ఫ్రే ఏమంటున్నాడో నిదానంగా చదవండి.